జూన్ నుంచి ముక్కు కారుతోంది, పైగా మూడు వారాలుగా రోజంతా గొంతు సవరించుకుంటున్నాడు (2 ఏళ్ళ 4 నెలల బాబు)

చిట్టిగాడిఅమ్మ
జూన్‌లో ప్లేస్కూల్లో వేశాం. అప్పట్నుంచి ముక్కు ఆరిన రోజు లేదు. నీళ్ళలా కారుతుంది, రెండ్రోజులకి పచ్చగా చిక్కబడుతుంది, మళ్ళీ నీళ్ళలా మొదలు. ఈ మూడు వారాలుగా కొత్తగా గొంతు సవరించుకుంటున్నాడు, పెద్దవాళ్ళు మాట్లాడబోయే ముందు చేస్తారే, అలా ‘ఖ్హ్ ఖ్హ్’ అని. జ్వరం లేదు. ఆటలకీ తిండికీ లోటు లేదు. అత్తయ్యగారు అరటిపండు, పెరుగు మానిపించేశారు. మందుల షాపులో జలుబు సిరప్ ఇచ్చారు. వేయాలా? అసలు ఇన్నాళ్ళు కారడానికి కారణం ఏమై ఉంటుంది?

పిల్లలవార్డు
ముందు ఆ సీసా మూత తీయకండి. కొన్ని సంగతులు చూసి చెప్పండి. రెండు ముక్కులూ కారుతున్నాయా, ఒకటేనా? చెడు వాసన ఉందా? నిద్రలో కూడా గొంతు సవరిస్తున్నాడా? నోరు తెరుచుకుని పడుకుంటాడా, గురక ఉందా? పొద్దున్నే వరస తుమ్ములా? ముక్కు అరచేత్తో పైకి నలుపుకుంటాడా? అన్నిటికంటే ముఖ్యం: జూన్ నుంచి ఇప్పటిదాకా మధ్యలో కనీసం రెండు మూడు రోజులైనా ముక్కు పూర్తిగా పొడిగా ఉందా? అలా ఉంటే ఒక జలుబు పోయి ఇంకోటి వచ్చినట్టు. ఒక్కరోజు కూడా లేకపోతే వేరే దారిలో ఆలోచించాలి.

అంగన్వాడీ_అక్క
కొత్తగా బడికి వచ్చే పిల్లలకి మొదటి ఏడాది ఇది మామూలే. ఏడాదికి 8 జలుబులు, ఒక్కోటి 12 రోజులు వేసుకోండి, 96 రోజులు. అవి ఏడాది పొడుగునా సమంగా రావు, వానాకాలం, చలికాలాల్లోనే గుంపుగా పడతాయి. అందుకే తల్లులకి ‘ముక్కు ఆరిందే లేదు’ అనిపిస్తుంది.

మందులకౌంటర్
సిరప్ సంగతి నేను చెప్తాను. సీసా మీద క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ అని రెండు పేర్లూ ఉన్నాయేమో చూడండి. ఆ జంట మందుని 4 ఏళ్ళ లోపు పిల్లలకి వాడకూడదనీ, ఆ మాట లేబుల్ మీద అచ్చు వేయాలనీ మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంకోసారి చెప్పింది: 2 ఏళ్ళ లోపు దగ్గు, జలుబు మందులు రాయనే కూడదు, 5 ఏళ్ళ లోపు కూడా సాధారణంగా వద్దు.

నష్టం ఏమిటంటారా, మొదటిది మత్తు తెస్తుంది, చీమిడిని చిక్కబరుస్తుంది. రెండోది రక్తపోటు పెంచవచ్చు, చిరాకు తెస్తుంది. జలుబు తగ్గే రోజుల్లో తేడా ఏమీ ఉండదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చాలా జలుబు సిరప్‌లలో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది. జ్వరం వచ్చిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సిరప్ అదనంగా పోస్తే డోసు రెట్టింపు. డ్రాప్స్‌కీ సిరప్‌కీ గాఢత వేరు. డ్రాప్స్ మామూలుగా ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు, సిరప్ 5 మిల్లీలీటర్లకి 120 నుంచి 250 దాకా. ఒకదాని కొలతతో ఇంకోటి పోయకూడదు.

గోదారిగట్టు
మందులు వద్దన్నారు సరే. కానీ అత్తగారి మాట తీసిపారేయకండి. పాలు, పెరుగు, అరటిపండు చలవ చేస్తాయి, కఫం పెరుగుతుందని తరతరాలుగా చూసి చెప్పిన మాట. సాయంత్రం పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టి, పడుకునేటప్పుడు ముక్కులో రెండు చుక్కలు గోరువెచ్చటి నూనె వేస్తే తేలికపడుతుంది.

పిల్లలవార్డు
గోదారిగట్టు గారూ, పెద్దల మాటకి గౌరవం ఉంచుతూనే రెండు చోట్ల గట్టిగా వద్దంటాను.

ఒకటి నూనె. పసిపిల్లల ముక్కులో వేసిన నూనె గొంతులోకి జారి అక్కడ్నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళు పొలమారితే దగ్గు వచ్చి బయటపడతాయి, నూనె ఆ దగ్గు కూడా రానివ్వకుండా లోపలికి దిగుతుంది. శరీరం దాన్ని కరిగించుకోలేదు, నూనె న్యుమోనియా అనే జబ్బే ఉంది. ఆవనూనె, ఆముదం, నెయ్యి, ఏదైనా అంతే.

రెండు, పొగ. పసుపు కొమ్ము పొగ, సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చక్రం, ఇంట్లో ఎవరిదైనా సిగరెట్టు, ముక్కు లోపలి పొరకి అన్నీ ఒకటే. వాచిన పొరని ఇంకా వాచేలా చేస్తాయి.

పాలు తాగితే నోట్లో, గొంతులో ఒక చిక్కటి పూత ఉన్నట్టు అనిపిస్తుంది, అది నిజం. కానీ పాల వల్ల కఫం ఎక్కువ తయారవదు. పెరుగు, అరటిపండు హాయిగా పెట్టొచ్చు. జలుబులో పిల్లలు తినేదే తక్కువ, తినేవి కూడా మాన్పిస్తే నీరసపడతారు. పాల అలెర్జీ అనేది వేరు. దానికి దద్దుర్లు, వాంతులు, విరేచనంలో రక్తం లాంటివి తోడుంటాయి, ముక్కు కారడం ఒక్కటే ఉంటే అది కాదు.

గోదారిగట్టు
నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుందని తెలియదు. ఒప్పుకుంటున్నా. మరి వాము మూట? కర్పూరం?

మందులకౌంటర్
వాము వేయించి గుడ్డలో కట్టి, మీ చేతికి వేడి తగలనంత చల్లారాక దిండు పక్కన పెడితే నష్టం లేదు. కర్పూరం మాత్రం మూటలో కూడా వద్దు. పిల్లాడు నోట్లో పెట్టుకుంటే కొద్ది మోతాదుకే ఫిట్స్ వస్తాయి. కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు 2 ఏళ్ళ లోపు ఛాతీకి కూడా రాయకూడదు, ఆ తర్వాత కూడా ముక్కు కింద, ముక్కులో రాయకూడదు. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టడం ఈ వయసులో అస్సలు చేయొద్దు, గిన్నె ఒలికి కాలిన కేసులు చాలా ఉంటాయి.

ముక్కుచెవిగొంతు
గొంతు ఎందుకు సవరిస్తున్నాడో చెప్తాను, అది అర్థమైతే సగం భయం పోతుంది. ముక్కు లోపలి పొర మీద కంటికి కనపడనంత సన్నటి నూగు ఉంటుంది. అది చీమిడిని వెనక్కి, గొంతు వైపు తోస్తూ ఉంటుంది. మనకీ రోజంతా అలాగే జారుతుంది, తెలియకుండా మింగేస్తాం. రెండేళ్ళ పిల్లాడికి ముక్కు చీదడం రాదు, ఉమ్మడం రాదు. జలుబులో చీమిడి ఎక్కువై, చిక్కబడి, కొండనాలుక వెనక జిగురులా నిలుస్తుంది. దాన్ని కదిలించడానికే ఆ ‘ఖ్హ్’. పొద్దున్న లేవగానే, పడుకోబెట్టగానే ఎక్కువగా ఉందంటే ఇదే కారణం.

రంగు చూసి కంగారు పడొద్దు. జలుబు మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య పసుపు, ఆకుపచ్చ రావడం సహజం. ఒంట్లో తెల్లకణాలు వచ్చి చేరినందువల్ల వచ్చే రంగు అది. పచ్చగా ఉంది కాబట్టి యాంటీబయాటిక్ అనే లెక్క తప్పు. సైనస్‌లో (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో) బ్యాక్టీరియా చేరిందని అనుమానించేది మూడు సందర్భాల్లో: 10 రోజులు దాటినా ఏమాత్రం తగ్గుముఖం లేకపోవడం, తగ్గుతూ తగ్గుతూ ఆరేడు రోజులకి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టడం, మొదట్నుంచే 102 పైన జ్వరంతో పాటు చిక్కటి చీమిడి వరసగా మూడు రోజులు ఉండటం.

పాలకొల్లు_పిన్ని
నాకు ఇది అలవాటు లాగా అనిపిస్తోంది. ఒకసారి చేస్తే అందరూ చూశారు, అదే ఆటైపోయింది. తెలియకుండా మళ్ళీ మళ్ళీ చేసేదాన్ని టిక్ అంటారు కదా?

ముక్కుచెవిగొంతు
టిక్‌లు సాధారణంగా 4 నుంచి 6 ఏళ్ళ మధ్య మొదలవుతాయి. ముక్కు పొడిగా ఉండి, గొంతు శుభ్రంగా ఉండి, నిద్రలో పూర్తిగా ఆగిపోతూ, ఆటలో లీనమైనప్పుడు తగ్గుతూ ఉంటే అప్పుడు ఆ ఆలోచన. రెండేళ్ళకి, అందులోనూ ముక్కు కారుతుండగా, నేను దాన్ని చివర్న పెడతాను. కానీ ఒక మాట నిజం, కారణం ఏదైనా ‘ఆపు, అలా చేయకు’ అని అనకండి.

చిట్టిగాడిఅమ్మ
రెండు ముక్కులూ కారుతున్నాయి. వాసన లేదు. ఆగస్టులో ఓ వారం బాగానే పొడిగా ఉన్నట్టు గుర్తు. రాత్రి గురక ఉంది, జలుబు లేని రోజుల్లో కూడా. నోరు తెరుచుకునే పడుకుంటాడు. పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడు. తుమ్ములు మాత్రం పెద్దగా లేవు.

బుజ్జిపాపనాన్న
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా పాపకి 3 ఏళ్ళు. ఆవిడకి కుడి ముక్కు ఒక్కటే కారుతోంది, పది రోజులుగా. దగ్గరికి తీసుకుంటే కుళ్ళు వాసన. నిన్న కొంచెం రక్తపు చార కనపడింది. యాంటీబయాటిక్ వేసినప్పుడు తగ్గింది, ఆపగానే మళ్ళీ. ఇది కూడా జలుబేనా?

పిల్లలవార్డు
కాదు. ఒకే ముక్కు, కుళ్ళు వాసన, రక్తపు చార: వేరేది తేలేవరకూ లోపల ఏదో ఇరుక్కుందనే అనుకోవాలి. ఇవాళే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, రేపు కాదు.

ముక్కుచెవిగొంతు
పైన చెప్పింది అక్షరాలా నిజం. ఈ వయసులో ముక్కులోంచి మేం తీసేవి స్పాంజి ముక్కలు, పూసలు, రబ్బరు ముక్కలు, సుద్ద, చింతగింజ, శనగగింజ, కాగితం ఉండ. పిన్నుతో, దూది పుల్లతో, పట్టకారుతో మీరు తీయొద్దు, వెనక్కి జారితే ఊపిరి గొట్టంలోకి పోతుంది. గింజ అయితే నీటి చుక్కలు వేసినా ఉబ్బి గట్టిగా బిగుసుకుంటుంది.

అన్నిటికంటే భయపడాల్సింది బటన్ బ్యాటరీ. రిమోట్, వెలిగే బొమ్మలు, పాటలు పాడే కార్డులు, గోడ గడియారాల్లో ఉండే గుండ్రటి బిళ్ళ. ముక్కులోని తడి తగిలి కరెంటు పారుతుంది, గంటల్లోనే లోపలి పొరని కాల్చేస్తుంది, రెండు ముక్కుల మధ్య గోడకి రంధ్రం పడుతుంది. ఉప్పునీటి చుక్కలు వేస్తే ఇంకా వేగంగా కాలుతుంది. బ్యాటరీ అనుమానం ఉంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికే. ఇంట్లో ఏ బొమ్మకైనా బ్యాటరీ మూత ఊడి ఉందేమో ఇప్పుడే చూడండి.

బుజ్జిపాపనాన్న
బయలుదేరుతున్నాం. బ్యాటరీలన్నీ లెక్కకి ఉన్నాయి.

ఆస్టిన్_నుంచి
ఎవరూ అలెర్జీ మాట ఎత్తలేదేం? ఇక్కడ మధ్య టెక్సాస్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ చెట్ల పుప్పొడి ఆకాశం కమ్మేస్తుంది, పెద్దలూ పిల్లలూ ముక్కు తుడుచుకుంటూనే ఉంటారు. మన దగ్గర వయ్యారిభామ ఉంది కదా, ఖాళీ స్థలం కనిపిస్తే అదే.

పిల్లలవార్డు
వయ్యారిభామ అలెర్జీ నిజమే. అయితే పుప్పొడి అలెర్జీ పుట్టడానికి శరీరం రెండు మూడు సీజన్లు దాన్ని చూడాలి, అందుకే రెండేళ్ళ లోపు అరుదు. చిన్నపిల్లల్లో ముందు వచ్చేది ఇంటి లోపలివే, దుమ్ములో ఉండే పురుగులు, బొద్దింకల పొడి, బూజు, పెంపుడు జంతువుల నూగు.

అలెర్జీ ముక్కు గుర్తులు వేరు. నీళ్ళలాంటి తెల్లటి కారుడు, వరస తుమ్ములు, ముక్కు దురద, కళ్ళ దురద, కళ్ళ కింద నల్లటి నీడ, అరచేత్తో పైకి నలిపీ నలిపీ ముక్కు మీద పడిన అడ్డగీత. ఎగ్జిమా (దురదతో వచ్చే అలెర్జీ చర్మవ్యాధి), ఆస్తమా ఉన్న ఇంట్లో అయితే అనుమానం పెరుగుతుంది. చిట్టిగాడికి తుమ్ములు పెద్దగా లేవంటున్నారు కాబట్టి నా లెక్కలో వెనకబడింది.

ఆస్టిన్_నుంచి
సరే, నా లెక్క వెనక్కి తీసుకుంటా. అయినా దుమ్ము తగ్గించడం ఎవరికైనా మంచిదే కదా, ఎలా చేయాలో చెప్పండి.

అంగన్వాడీ_అక్క
దుప్పటి, దిండు గలీబు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకాలి, చల్లటి నీళ్ళలో ఆ పురుగులు చావవు. దూది పరుపు, బొంత ఎండలో పెట్టాక కర్రతో దులపాలి, పిల్లాడు ఇంట్లో లేనప్పుడు. పొడి చీపురు బదులు తడిగుడ్డ. ఫ్యాన్ రెక్కల పై అంచు చేత్తో తడిమి చూడండి, నల్లటి మెత్తటి పొర అట్టకట్టి ఉంటుంది. అది రాత్రంతా మంచం మీదే రాలుతుంది. ఏసీ ఫిల్టర్ రెండు వారాలకోసారి తీసి కడగాలి. బొచ్చు బొమ్మలు పక్కలోంచి తీసేయండి, అన్నీ తీస్తే ఏడుస్తాడనుకుంటే ఇష్టమైన ఒక్కటి ఉంచి దాన్ని కూడా ఉతకండి.

ముక్కుచెవిగొంతు
చిట్టిగాడిఅమ్మ గారూ, మీరు చెప్పినవాటిలో నా కన్ను ఆగింది గురక మీద, జలుబు లేని రోజుల్లో కూడా అన్నారు చూడండి, అక్కడ. ముక్కు వెనక, కొండనాలుకకి పైన అడినాయిడ్స్ అనే కండ ఉంటుంది, నోరు తెరిస్తే కనపడదు. అది 2 ఏళ్ళ నుంచి పెరుగుతూ వచ్చి ఏడెనిమిదేళ్ళ తర్వాత తనంతట తానే కుంచించుకుపోతుంది. ప్రతి జలుబుకీ కొంచెం వాస్తుంది. జలుబు మీద జలుబు వస్తే వాపు దిగే సమయం దొరకదు. ముక్కు వెనక దారి మూసుకుని చీమిడి ముందుకి కారుతుంది, పక్కనుంచి గొంతులోకి జారుతుంది. నోరు తెరిచి పడుకోవడంతో గొంతు ఎండుతుంది. ముక్కు కారడం, గురక, గొంతు సవరించడం, మూడూ ఒకే తాడు.

పరీక్షగా మెడ పక్కనుంచి ఒక ఎక్స్‌రే, లేదా ఎండోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టంతో చూడటం. డాక్టరు చూసి 2 ఏళ్ళు దాటిన పిల్లలకి మోమెటాసోన్ లాంటి, వాపు తగ్గించే ముక్కు స్ప్రే కొన్ని వారాలు ఇవ్వొచ్చు. పూర్తి ఫలితానికి రెండు వారాలైనా పడుతుంది, మూడో రోజుకే పని చేయలేదని ఆపేయకండి. ఆపరేషన్ మాట అందరికీ రాదు. నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, చెవిలో నీరు నిలిచి మూడు నెలలు దాటడం, బరువు పెరగకపోవడం లాంటివి ఉంటే ఆలోచిస్తాం. వీలైతే పిల్లాడు నిద్రపోతున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి తీసుకెళ్ళండి, డాక్టరుకి అది వంద మాటల పెట్టు. వెనక నుంచి మెల్లగా పిలిస్తే తిరుగుతున్నాడా, టీవీ దగ్గరికి వెళ్ళి చూస్తున్నాడా, మాటలు ఆలస్యమా అన్నది కూడా చెప్పండి.

మందులకౌంటర్
ఒకటి కలపాలి. ఇలాంటి పిల్లలకి మాంటెలూకాస్ట్, లీవోసెట్రిజిన్ అనే అలెర్జీ మందులు కలిపిన సిరప్ నెలల తరబడి నడుస్తూ ఉంటుంది. మాంటెలూకాస్ట్ వల్ల పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పులు రావచ్చని 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అతి గట్టి హెచ్చరిక పెట్టించింది. మామూలు ముక్కు అలెర్జీకి మొదటి మందుగా వాడొద్దంది. డాక్టరు రాస్తే ఎందుకు, ఎన్నాళ్ళు అని అడగండి. పాత చీటీ మీద మళ్ళీ మళ్ళీ కొనకండి.

పాలకొల్లు_పిన్ని
పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్ర అన్నారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పిల్లలవార్డు
మంచి పట్టు పట్టారు పిన్నిగారూ. పడుకుని సీసా తాగితే పాలు చెవి గొట్టం వైపు పోయి చెవి నొప్పులు పెరుగుతాయి, పళ్ళు పుచ్చుతాయి. కొందరికి కడుపులోంచి పాలు పైకి ఎగదన్ని గొంతు మండి కూడా సవరించుకుంటారు. పడుకున్నాక ఎక్కువ, పుల్లటి త్రేన్పులు, ముక్కు పొడిగానే ఉన్నా గొంతు గరగర, ఇవి దాని గుర్తులు. చివరి పాలు గ్లాసులో, కూర్చోబెట్టి, నిద్రకి అరగంట ముందు. తర్వాత పళ్ళు తోమాలి.

చిట్టిగాడిఅమ్మ
సోమవారానికి ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అప్పటిదాకా ఇంట్లో ఏం చేయాలి? ఉప్పునీటి చుక్కలు వేయబోతే తల అటూ ఇటూ కొట్టేస్తున్నాడు.

పిల్లలవార్డు
షాపులో 0.65 శాతం సెలైన్ చుక్కలు దొరుకుతాయి. ఇంట్లో చేసుకోవాలంటే పావు లీటరు నీళ్ళు ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చి, పావు టీస్పూను ఉప్పు మట్టంగా కొలిచి కలపండి. 24 గంటలు దాటితే పారబోయాలి. ఉప్పు ఎక్కువైతే మండుతుంది, ఆ తర్వాత సీసా చూస్తేనే పారిపోతాడు.

సీసాని ముందు మీ గుప్పిట్లో రెండు నిమిషాలు పట్టుకోండి. చల్లటి చుక్కే పిల్లల్ని బెదరగొడుతుంది. ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టి తల మీ మోకాలి మీంచి కొంచెం వెనక్కి వాలేలా ఉంచండి. ఒక్కో ముక్కులో రెండు చుక్కలు, నిమిషం ఆగాలి. తుమ్మితే పని అయినట్టే. అప్పుడు రబ్బరు బల్బు బయటే నొక్కి, నొక్కి ఉంచే ముక్కు అంచున పెట్టి, మెల్లగా వదలాలి. లోపల పెట్టాక నొక్కితే చీమిడి వెనక్కి పోతుంది. ఇదే అందరూ చేసే తప్పు. రోజుకి మూడు నాలుగుసార్లు చాలు, ఎక్కువైతే పొర పుండై రక్తం వస్తుంది. తిండికీ నిద్రకీ ముందు చేస్తే లాభం ఎక్కువ. బల్బు ప్రతిసారీ సబ్బునీళ్ళు పీల్చి వదిలి కడిగి ఆరబెట్టండి, లోపల నల్లబడితే పారేయండి.

ఏడాది దాటాడు కాబట్టి పడుకునే ముందు అర టీస్పూను తేనె ఇవ్వొచ్చు, పళ్ళు తోమకముందే. ఏడాది లోపు పిల్లలకి తేనె నాలుకకి కూడా తగిలించకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

అంగన్వాడీ_అక్క
ముక్కు చీదడం రెండున్నరేళ్ళ నుంచి నేర్పొచ్చు. బల్ల మీద చిన్న కాగితం ముక్క పెట్టి, నోరు మూసుకుని ముక్కుతో ఊది జరపమనండి. ఏనుగు ఆట అని పేరు పెడితే వెంటనే వస్తుంది. ఆ తర్వాత అన్నం దగ్గర కూడా ఏనుగు వచ్చేస్తుంది, మెతుకులు ఎగురుతాయి, ఓపిక పట్టాలి.

గోదారిగట్టు
దీన్ని మా మనవడి మీద ఇవాళే మొదలెడతా.

పిల్లలవార్డు
సోమవారం దాకా ఆగకుండా వెళ్ళాల్సినవి కూడా చెప్పాలి. ఏడవనప్పుడు, నిద్రలో, చొక్కా పైకెత్తి పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 1 నుంచి 5 ఏళ్ళ మధ్య నిమిషానికి 40, అంతకు మించితే ఎక్కువ కిందే లెక్క. డొక్కలు ఎగరేయడం, పిల్లికూతలు, పీల్చేటప్పుడు గరగర శబ్దం, పెదాలు నీలంగా మారడం, నీళ్ళు కూడా తాగకపోవడం, మింగలేక చొంగ కార్చడం, వీటిలో ఏదున్నా వెంటనే. వేరుశనగ గింజ తింటూ ఉక్కిరిబిక్కిరై, తర్వాత మామూలుగా కనిపించి దగ్గు మిగిలిపోతే అది కూడా ఆసుపత్రి పనే, ఊపిరి గొట్టంలో గింజ ఉండొచ్చు.

బుజ్జిపాపనాన్న
తీశారు. పసుపు రంగు స్పాంజి ముక్క, బొటనవేలి గోరంత ఉంది. సోఫా కుట్టు ఊడిన చోటు నుంచి పీకి పెట్టుకుందట. డాక్టరు హెడ్‌లైటు పెట్టుకుని సన్నటి కొక్కెంతో అర నిమిషంలో లాగేశారు. ఎడమ ముక్కు, రెండు చెవులు కూడా చూశారు.

ముక్కుచెవిగొంతు
అదే సరైన పద్ధతి. ఒకటి దొరికిన పిల్లలకి మిగతా రంధ్రాలు కూడా చూసి తీరాలి. వాసన రెండు మూడు రోజుల్లో పోతుంది, పోకపోతే మళ్ళీ చూపించండి. సోఫా కుట్టు వేయించండి.

చిట్టిగాడిఅమ్మ
చూపించాం. అడినాయిడ్స్ వాపే అన్నారు, చెవులు బాగున్నాయి. ఆరు వారాలు స్ప్రే, తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అరటిపండు మొదలుపెట్టేశాం, అత్తయ్యగారే పెట్టారు. స్ప్రే కొడితే మధ్య గోడకి తగులుతోందేమో అని అనుమానంగా ఉంది, మొన్న కొంచెం రక్తం కనపడింది.

ముక్కుచెవిగొంతు
కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టండి, అప్పుడు మొన దానంతటదే చెవి వైపు తిరుగుతుంది, గోడకి తగలదు. తల కొంచెం ముందుకి వంచాలి, వెనక్కి కాదు. ముందు సెలైన్‌తో శుభ్రం చేసి పది నిమిషాలు ఆగి కొట్టండి. రక్తం మళ్ళీ కనపడితే రెండు రోజులు ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి.